అర్ధరాత్రి అలమర దగ్గర మా అమ్మాయి. ఇది ఆకలా, అలవాటా, ఇంకేమైనానా?

నిద్రలేని_అమ్మ
మా అమ్మాయికి 15 ఏళ్లు. మొన్న దుప్పట్లు ఉతుకుదామని పరుపు ఎత్తితే, మంచానికీ గోడకీ మధ్య సందులో బిస్కెట్ రేపర్లు దొరికాయి. ఒకటీ రెండూ కాదు, పదిహేడు. ఒక్కోదాన్ని నాలుగు మడతలు పెట్టి, అన్నిటికీ కలిపి రబ్బరు బ్యాండు వేసి మరీ దాచింది. అందరి ముందూ కూర్చుంటే మాత్రం రెండు ముద్దలు తిని "నాకు చాలు" అని లేచిపోతుంది. పన్నెండు దాటాక వంటింట్లో చప్పుడు. అడిగితే మంచినీళ్లకంటుంది.

అలమరకి తాళం వేశాను. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. మా ఆయన "ఎదిగే పిల్ల, ఆకలేస్తుంది, వదిలెయ్" అంటారు. మా అత్తగారు "నోరు కట్టుకోవడం నేర్పలేదు నువ్వు" అంటారు. ఎవరి మాట వినాలి? అసలు పిల్లలు ఇలా ఎందుకవుతారు?

గోడమీద_పిల్లి
రేపర్లు మడతపెట్టి రబ్బరు బ్యాండు వేసిందా! మావాడు చొక్కా కూడా మడతపెట్టడు.

నిద్రలేని_అమ్మ
ఆ మడతలు చూసేనండీ నాకు ఏడుపొచ్చింది.

గోడమీద_పిల్లి
క్షమించండి. నా నోటికి బ్రేకుల్లేవు.

చెమటచుక్క
ఇందులో పెద్ద శాస్త్రం ఏముంది? తాళం వేసి మంచి పని చేశారు. ఇంట్లో చెత్త తిండి కొనకపోతే తినడానికి ఏం దొరుకుతుంది? పొద్దున్నే లేపి గంట పరుగెత్తించండి. నేను 16 ఏళ్లప్పుడు ఇలాగే బరువు తగ్గాను. (అంకె తీసేశాను: పర్యవేక్షకుడు)

పర్యవేక్షకుడు
ఈ చర్చలో ఎవరూ కిలోలు, కేలరీల లెక్కలు రాయొద్దు. చదివేవాళ్లలో పిల్లలూ ఉంటారు. ఆ అంకెలే వాళ్లకి పోటీ అవుతాయి.

రెండో_బెంచి
తాళం సంగతి నన్నడగండి. మా ఇంట్లోనూ వేశారు.

నాకప్పుడు 14. అందరం కలిసి ఫోటో దిగుతుంటే "దీని పక్కన ఖాళీ వదలండ్రా, ఇద్దరి చోటు కావాలి" అన్నాడు మా మామయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి పొద్దున తినడం మానేశాను. మధ్యాహ్నం డబ్బా పక్కమ్మాయికి ఇచ్చేసేదాన్ని. సాయంత్రం దాకా గొప్పగా ఉండేది, ఏదో గెలిచినట్టు. ఇంటికొచ్చాక భుజానికి బ్యాగు తియ్యకుండానే ఫ్రిజ్ ముందు నిలబడేదాన్ని. మొదటి బ్రెడ్డు ముక్క రుచి తెలిసేది. మూడోదానికి రుచి పోయేది. ఆపాలని తెలుసు, చెయ్యి ఆగదు. వేరే ఎవరో తింటుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నట్టుండేది. ప్యాకెట్ అడుగు కనిపించాక ఒళ్లంతా రోత. "రేపట్నుంచి అసలేమీ ముట్టను" అని ఒట్టు. మర్నాడు మళ్లీ అదే బ్యాగు, అదే ఫ్రిజ్.

అమ్మ తాళం వేసింది. నేను మా అక్క పర్సులో డబ్బులు తియ్యడం నేర్చుకున్నాను. తిండి తగ్గలేదు, అబద్ధాలు పెరిగాయి.

నిద్రలేని_అమ్మ
మా ఇంటికొచ్చి చూసి రాసినట్టుంది. మా అమ్మాయి కూడా పొద్దున తినదు. టైమ్ లేదంటుంది.

తెల్లకోటు
నేను డాక్టర్‌ని కాదు, ఆస్పత్రిలో డైటీషియన్‌ని. 11 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని రోజూ చూస్తాను. రెండో బెంచి రాసినదాంట్లో అసలు మాట "చెయ్యి ఆగదు".

ఎదిగే పిల్లలు ఎక్కువ తింటారు, అందులో తప్పు లేదు. మీవారు అన్నది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. ఆట నుంచి వచ్చి నాలుగు ప్లేట్లు లాగించి, "అమ్మయ్య" అని కాళ్లు చాపి టీవీ చూసే పిల్లాడి గురించి నాకు బెంగ లేదు. బింజ్ ఈటింగ్ అనేదొకటుంది, అది ఇలా ఉండదు. బింజ్ అంటే కాసేపట్లోనే మామూలు మనిషి తినలేనంత తినడం, ఆపడం తన చేతుల్లో లేదనిపించడం. ఆకలి లేకపోయినా గబగబా, కడుపు నొప్పెట్టేదాకా, సిగ్గుతో ఒంటరిగా తినడం, ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం. సగటున వారానికి ఒక్కసారైనా, మూడు నెలల పాటు ఇలా జరుగుతూ, దానివల్ల మనిషి నలిగిపోతుంటే దాన్ని జబ్బుగా లెక్కిస్తారు. చిన్న పిల్లల్లో ఎంత తిన్నారన్నదానికంటే కంట్రోల్ తప్పిందా లేదా అన్నదే ముఖ్యం. రెండు బిస్కెట్లే తిన్నా "ఆపలేకపోయాను" అని ఏడిస్తే నేను చెవులు రిక్కిస్తాను.

ఇంకో ప్రశ్న. తిన్నాక బాత్రూమ్‌లోకి వెళ్లి ఎక్కువసేపు ఉంటోందా? వాంతి వాసన గానీ, విరేచనాలయ్యేలా చేసే మాత్రలు గానీ కనిపించాయా? ఉంటే అది వేరే జబ్బు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

నిద్రలేని_అమ్మ
అలాంటివేం లేవండి. గమనించినంతలో లేవు.

చెమటచుక్క
అంటే ప్రతి బద్ధకానికీ ఒక జబ్బు పేరు పెట్టేస్తారన్నమాట. మా చిన్నప్పుడు దీన్ని తిండిపోతుతనం అనేవాళ్లు.

తెల్లకోటు
పేరు నిన్న మొన్న పుట్టింది కాదు బాబూ. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1959లోనే ఈ తీరు గురించి రాశాడు. అమెరికా సైకియాట్రీ సంఘం వాళ్లు మానసిక జబ్బుల మీద వేసే డీఎస్‌ఎం పుస్తకంలో విడి జబ్బుగా చోటు దొరికింది మాత్రం 2013లో. యాభై ఏళ్లు ఆలోచించి పెట్టిన పేరు.

లెక్కల_మాస్టారు
ఎంతమంది పిల్లల్లో ఉంటుందండీ ఇది? అంకె చెప్పండి, నాకు అంకె లేకపోతే ఎక్కదు. (కిలోలు కాదు లెండి పర్యవేక్షకుడుగారూ.)

తెల్లకోటు
అమెరికాలో 13–18 ఏళ్ల పిల్లలు పదివేల మందికి పైగా ఉన్న సర్వే ఒకటి 2011లో అచ్చయింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు లక్షణాలు పూర్తిగా ఉన్నవాళ్లు 1.6 శాతం. జబ్బు దాకా రాకుండా అప్పుడప్పుడూ కంట్రోల్ తప్పేవాళ్లు ఇంకా ఎక్కువ.

లెక్కల_మాస్టారు
అంటే అరవై మందికి ఒకరు. నా క్లాసులో 62 మంది. ఎవరా అని రేపు హాజరు పిలిచేటప్పుడు ప్రతి మొహమూ చూస్తాను కాబోలు.

గోడమీద_పిల్లి
మాస్టారూ, చూడకండి. లావుగా ఉన్నవాళ్లనే చూస్తారు మీరు. సన్నగా ఉన్న పిల్ల తప్పించుకుంటుంది.

తెల్లకోటు
పిల్లి ఈసారి సరిగ్గా గెంతింది. ఈ జబ్బు ఏ ఒంట్లోనైనా ఉండొచ్చు.

మూగ_రేడియో
అబ్బాయిల సంగతి కూడా రాయండి ఎవరైనా. మావాడు కుస్తీ పడతాడు. బరువు తరగతిలో ఇమడాలని పోటీకి వారం ముందు నుంచి కడుపు మాడ్చుకునేవాడు. పోటీ అయిన రాత్రి మొదలుపెడితే ఆయాసం వచ్చేదాకా తినేవాడు. మేం చుట్టూ కూర్చుని "మావాడి ఆకలి చూశారా" అని మురిసిపోయేవాళ్లం. ఆడపిల్ల అలా తింటే తిడతాం, మగపిల్లాడు తింటే ముచ్చటపడతాం. వాడు గదిలో తలుపేసుకుని ఏడ్చిన రోజు దాకా మాకు తెలియలేదు. వాళ్ల కోచ్‌కి చెప్తే "అందరూ చేసేదే" అన్నాడు.

రెండో_బెంచి
"మామయ్య జోకు" కూడా అందరూ చేసేదే అండి.

కాలు_కుదరదు
మావాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, నిలకడ కుదరని సమస్య. మందు పనిచేస్తున్నంతసేపూ ఆకలి ఉండదు, లంచ్ బాక్స్ అలాగే తిరిగొచ్చేది. సాయంత్రం మందు ప్రభావం తగ్గాక కట్ట తెగిన చెరువే. దానికి తోడు వీడి తొందర స్వభావం, ఆలోచన కంటే చెయ్యి ముందుంటుంది. డాక్టర్‌కి చెప్పాక మందు వేళ మార్చారు, మందు వేసే ముందే కడుపునిండా పెట్టమన్నారు. చాలా తేడా వచ్చింది. ఎవరూ సొంతంగా మందు ఆపేయకండి, అది చెప్పడానికే రాశాను.

చెమటచుక్క
కుస్తీ వేరు, ఏడీహెచ్‌డీ వేరు. ఇక్కడ అడిగింది మామూలు పిల్ల గురించి. తక్కువ తింటే ఎక్కువ తినేస్తారని ఎవరు చెప్పారు? నోరు కట్టుకోవడం ఒక అలవాటు, అంతే.

తెల్లకోటు
అయితే ఒక కథ చెప్తాను. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది కుర్రాళ్లని ఎంచుకున్నాడు. ఒంటికీ మనసుకీ ఏ లోపమూ లేనివాళ్లనే ఏరి మరీ తీసుకున్నాడు. ఆరు నెలలు వాళ్లకి దాదాపు సగం తిండి పెట్టారు. కుర్రాళ్లు పగలూ రాత్రీ తిండి గురించే మాట్లాడుకునేవాళ్లు, వంటల పుస్తకాలు చదువుకునేవాళ్లు, ప్లేట్లు నాకేవాళ్లు. తర్వాత తిండి పెట్టడం మొదలుపెట్టాక కొందరు కడుపు పగిలేలా తిన్నారు. తిన్నా ఇంకా ఆకలే అన్నారు. వాళ్లలో ఎవరూ అంతకుముందు తిండిపోతులు కారు. మాడ్చిన ఒళ్లు బాకీ వసూలు చేసుకుంది.

చెమటచుక్క
వాళ్లు పెద్దవాళ్లు. పైగా అది కరువు, డైటింగ్ కాదు.

తెల్లకోటు
న్యాయమైన ప్రశ్నే. పిల్లల మీదా చూశారు. అమెరికాలో 9–14 ఏళ్ల పిల్లల్ని దాదాపు 15 వేల మందిని 1996 నుంచి కొన్నేళ్లు వెంబడించారు. డైటింగ్ చేసిన పిల్లల్లో బింజ్ ఎక్కువగా కనిపించింది. ఇంకో విడ్డూరం, డైటింగ్ చేయని పిల్లల కంటే వీళ్లే ఎక్కువ బరువు పెరిగారు. అందరూ అలా అవుతారని కాదు. చాలామంది పిల్లలు నాలుగు రోజులు డైటింగ్ చేసి మర్చిపోతారు. అప్పటికే తన ఒంటి మీద అసహ్యం, దిగులు, తొందర స్వభావం ఉన్న పిల్లకి మాత్రం అది నిప్పంటించినట్టే. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి సమస్య ఉంటే పిల్లలకీ వచ్చే అవకాశం ఎక్కువ. కవలల మీద చేసిన పరిశోధనల్లో దాదాపు సగం వాటా వంశానిదేనని తేలింది. అమ్మాయిలకైతే తోటివాళ్లకంటే ముందే ఒళ్లు ఎదగడం కూడా ఒక కారణం. క్లాసులో అందరికంటే ముందు పెద్దదైన పిల్ల మీద పడే చూపులు, మాటలు మీకు చెప్పక్కర్లేదు.

గోడమీద_పిల్లి
చూపుల దాకా ఎందుకు, నా పేరే చూడండి. బడిలో నా అసలు పేరు "బస్తా". పదేళ్లు ఆ పేరుతోనే పిలిచారు. పిలిచినవాళ్లే ఇప్పుడు ఫోన్ చేసి "ఆ రోజులే వేరురా" అంటారు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

రెండో_బెంచి
పిల్లిగారూ, ఇన్నాళ్లూ జోకులే చూశాను మీవి.

గోడమీద_పిల్లి
ముందు మనమే నవ్వించేస్తే వాళ్లు మన మీద నవ్వే ఛాన్స్ పోతుంది కదా. అలా అలవాటైపోయింది.

నెలాఖరు
మీరంతా డైటింగ్ అంటున్నారు. మా ఇంట్లో డైటింగ్ అనే మాటే లేదు, తిండే లేదు. నలుగురం పిల్లలం. జీతం వచ్చిన వారం నిండుగా తినేవాళ్లం, చివరి వారం నీళ్లు తాగి పడుకునేవాళ్లం. ఉన్నప్పుడు గబగబా తినకపోతే ఇంకొకరు తినేస్తారు. ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, ఫ్రిజ్ నిండా ఉంది. అయినా పెట్టె తెరిస్తే అడుగు కనిపించేదాకా ఆపలేను. రేపటికి ఉంటుందని బుర్రకి తెలుసు, చేతికి తెలియదు.

తెల్లకోటు
నెలాఖరుగారు చెప్పింది రాసి గోడకి అంటించుకోవాలనిపించింది. తిండికి కటకట ఉన్న ఇళ్ల పిల్లల్లోనూ బింజ్ ఎక్కువని పరిశోధనల్లో కనిపిస్తోంది. ఇది కలిగినవాళ్ల జబ్బు అనుకోవడం పొరపాటు. డైటింగ్ అయినా, లేమి అయినా, తాళం అయినా ఒంటికి తేడా తెలియదు. దానికి తెలిసింది "తిండి దొరకదు" అన్నదొక్కటే.

మూగ_రేడియో
తాళం మాట వచ్చింది. అమ్మగారు ఏమీ అనడం లేదు.

పేరు_వద్దు
ఒక్కసారే రాస్తాను. నాకు 13 ఏళ్లప్పుడు దగ్గరివాడొకడు తప్పుగా ప్రవర్తించాడు. లావైపోతే ఎవరూ నా వైపు చూడరనుకున్నాను. ఎందుకలా తింటున్నావని అందరూ అడిగారు. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు.

రెండో_బెంచి
చదివాను. ఇక్కడే ఉన్నాం.

తెల్లకోటు
మీరు రాసినందుకు నమస్కారం. ఇంతవరకూ ఎవరికీ చెప్పి ఉండకపోతే, ఒక్కరికైనా ఎదురుగా కూర్చుని చెప్పండి. కౌన్సెలర్ అయితే మరీ మంచిది. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే, ఆ గంటే ఎవరినైనా పిలవండి, దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లండి.

పేరు_వద్దు
కౌన్సెలర్‌కి చెప్పాను, ఈ ఏడాదే. బాగానే ఉన్నాను.

నిద్రలేని_అమ్మ
రెండు రోజులుగా రాయబోయి ఆగిపోతున్నాను. మూగ రేడియోగారు అడిగారు కాబట్టి చెప్తాను.

నిరుడు నేను డైట్ మొదలుపెట్టాను. ఒక్కదాన్నే ఉండలేక అమ్మాయినీ చేర్చుకున్నాను. ఫ్రిజ్ మీద చార్టు అంటించాను. ప్రతి ఆదివారం ఇద్దరం మిషన్ ఎక్కి అంకె రాసుకునేవాళ్లం. తగ్గితే నవ్వుతూ నక్షత్రం గీసేదాన్ని. పెరిగితే ఏమీ అనేదాన్ని కాదు, నిజంగానే ఏమీ అనలేదు. పెన్ను మూత పెట్టి వెళ్లిపోయేదాన్ని. నేను రెండు నెలలకే మానేశాను. చార్టు మాత్రం ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది. అమ్మాయి రాత్రి వెళ్లి తెరిచేది ఆ ఫ్రిజ్జే.

గోడమీద_పిల్లి
(జోకు లేదు.)

తెల్లకోటు
మీరొక్కరే చేసిన పని కాదు. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ప్రేమతోనే చేస్తారు. మిన్నెసోటాలోనే ఇంకో పరిశోధన ఉంది, 2013లో అచ్చయింది. ఇంట్లో బరువు గురించి మాట్లాడే తల్లిదండ్రుల పిల్లల్లో తిండితో గొడవ పడేవాళ్లు ఎక్కువ కనిపించారు. బరువు ఊసెత్తకుండా మంచి తిండి గురించి మాత్రమే మాట్లాడిన ఇళ్లలో తక్కువ. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది కూడా ఇదే: టీనేజర్లకి డైటింగ్ వద్దు, బరువు మాటలు వద్దు, అందరూ కలిసి భోంచెయ్యండి.

ఇప్పుడు చెయ్యాల్సినవి. తాళం తీసెయ్యండి. చార్టు, మిషన్ కళ్లబడకుండా పెట్టండి. పొద్దున తిండి తప్పనివ్వకండి, అసలు మంత్రం అదే. మూడు నాలుగు గంటలకోసారి ఏదో ఒకటి కడుపులో పడితే రాత్రి ఉప్పెన సగం తగ్గుతుంది. రేపర్ల గురించి నిలదీయకండి. డాక్టర్‌కి చూపించండి, అక్కడి నుంచి ఆలోచనల మీద పనిచేసే సీబీటీ అనే మాటల చికిత్స తెలిసిన సైకాలజిస్టు దగ్గరికి. దిగులు, ఆందోళన ఉన్నాయేమో కూడా వాళ్లు చూస్తారు.

కాలు_కుదరదు
నిద్ర కూడా. మావాడు రెండింటికి పడుకున్న రోజుల్లోనే ఎక్కువ తినేవాడు. ఈ వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలట.

నిద్రలేని_అమ్మ
దీనికి మాత్రలు ఉన్నాయని ఎక్కడో చదివాను?

తెల్లకోటు
లిస్‌డెక్సామ్ఫెటమిన్ అనే మందుకి ఈ జబ్బు కోసం అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది, అదీ పెద్దవాళ్లకే. బరువు తగ్గించే మందు కాదు. మీ అమ్మాయికి దాని ఆలోచన వద్దు.

లెక్కల_మాస్టారు
మా బడిలో ఏటా అందరి ముందూ బరువు తూచి, పక్కవాడికి వినపడేలా అరుస్తూ రాసుకుంటాం. అరిచేది నేనే. ఈసారి పక్కగదిలో, తలుపేసి తూస్తాను.

రెండో_బెంచి
తూచడమే మానెయ్యొచ్చుగా మాస్టారూ.

లెక్కల_మాస్టారు
పైవాళ్ల ఫారంలో ఆ గడి ఉందమ్మా. అరుపు వరకే నా చేతుల్లో ఉంది.

చెమటచుక్క
నేను ఇంకా ఒప్పుకోను, వ్యాయామం వల్ల పిల్లలు చెడిపోరు. కానీ ఒకటి చెప్పాలి. 16 ఏళ్లప్పుడు తగ్గానన్నాను కదా. వారంలో ఆరు రోజులు ఎలా ఉండేవాడినో చెప్పాను గానీ ఏడో రోజు సంగతి చెప్పలేదు. "చీట్ డే" అనేవాళ్లం. పొద్దున మొదలుపెడితే రాత్రి పడుకునేసరికి పక్కకి తిరగలేకపోయేవాడిని. సోమవారం రెండింతలు పరుగెత్తేవాడిని. అది సరదా అనుకున్నాను. పైన తెల్లకోటుగారు రాసిన లక్షణాలు నాలుగుసార్లు చదివాను.

మూగ_రేడియో
ఇప్పుడు ఏడో రోజు ఎలా ఉంటోంది?

చెమటచుక్క
ఇప్పటికీ ఉంది.

తెల్లకోటు
నాకు విడిగా రాయండి. ఎక్కడ చూపించుకోవాలో మాట్లాడుకుందాం.

నిద్రలేని_అమ్మ
మూడు వారాల తర్వాత వస్తున్నాను. చార్టు చింపేశాను. చింపుతుంటే అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసింది, ఏమీ అనలేదు. తాళం కూడా తీసేశాను. "తప్పు నాదే" అని ఒక్క ముక్క అన్నాను, అంతకంటే గొంతు రాలేదు. సైకాలజిస్టు దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను అడగను, అది చెప్పదు. పొద్దున మాత్రం తింటోంది, సగమైనా. నిన్న రాత్రి మళ్లీ చప్పుడైంది. లేచి వెళ్లి లైటు వేయకుండా పక్కన కూర్చున్నాను. ప్యాకెట్ దాచబోయి ఆగింది. కాసేపటికి ఒక బిస్కెట్ నా చేతిలో పెట్టింది.

మా అత్తగారు ఇంకా నోరు కట్టుకోవడం గురించే చెప్తున్నారు. మా ఆయన ఆవిడ నోరు కట్టించే పనిలో ఉన్నారు.

గోడమీద_పిల్లి
ఆ తాళం ఏం చేశారు?

నిద్రలేని_అమ్మ
అమ్మాయి తీసుకుంది. సైకిల్‌కి వేసుకుంటోంది.